చివరిసారి ఎప్పుడు కనబడింది?

వసంతం వస్తే పక్షులు వస్తాయన్న మాట చలిదేశాల్లో పుట్టింది. మంచు కరిగి, చెట్లు చిగురించి, దక్షిణాది నుంచి పిట్టలు తిరిగొచ్చే ఇంగ్లండులోనో రష్యాలోనో అది అక్షరాలా నిజం. ఉత్తర తమిళనాడులోని నెమిలి, వేలూరు, గుడియాత్తం చుట్టుపక్కల ఈ లెక్క తిరగబడుతుంది. మనకు చైత్ర వైశాఖాలంటే పక్షులు వెళ్ళిపోయే కాలం. ఉగాది పచ్చడి తినే వేళకు ఉత్తరాది బాతుల్లో చాలా భాగం చెరువులు ఖాళీ చేసి ఉంటాయి. తమిళ సంవత్సరాది నాటికి గులాబి గోరింకల గుంపులు ప్రయాణానికి సిద్ధమవుతుంటాయి. మే నెల సగం దాటేసరికి ఉల్లంకి పిట్టల్లో ఆఖరివి కూడా కనబడవు. ఇవి వచ్చేటప్పుడు అందరికీ తెలుస్తుంది. నవంబరులో చెరువులు నిండి బాతుల గుంపులు దిగితే పత్రికల్లో ఫొటోలు పడతాయి. వెళ్ళేటప్పుడు ఎవరూ చెప్పరు. తమిళనాడు పక్షి ప్రేమికులు 2015 నుంచి సంక్రాంతి రోజుల్లో పొంగల్ పక్షుల లెక్కింపు చేస్తున్నారు. ఫిబ్రవరిలో ప్రపంచమంతటితో కలిసి పెరటి పక్షుల లెక్కింపు జరుగుతుంది. ఆ తర్వాత ఎండలు ముదురుతాయి, చెరువు కట్ట మీద దుర్భిణీలు తగ్గిపోతాయి. సరిగ్గా అప్పుడే ప్రయాణాలు మొదలవుతాయి. అందుకే మన ప్రాంతంలో పక్షులను చూడటం నేర్చుకోదలచినవాళ్ళు వచ్చిన తేదీకన్నా ముందు వెళ్ళిన తేదీని పట్టుకోవడం నేర్చుకోవాలని నా వాదన. దానికి దారి ఒకటే ఉంది: పక్షి కనబడని రోజును కూడా, కనబడిన రోజంత శ్రద్ధగా, పుస్తకంలో రాసిపెట్టడం.

వెళ్ళిపోవడం మన కంటికి ఎందుకు ఆనదో ముందు చూద్దాం. చిన్న పిట్టల్లో చాలా జాతులు రాత్రిపూట బయలుదేరతాయి. నిన్న సాయంత్రం కంపలో టిక్కు టిక్కుమన్న పిట్ట ఈ రోజు ఉదయం ఉండదు. మధ్యలో జరిగింది చూసినవాళ్ళు ఉండరు. పైగా అన్నీ ఒకే రోజు వెళ్ళవు. వంద ఉన్నవి అరవై అవుతాయి, అరవై పది అవుతాయి, ఆ పది ఇంకో వారం ఉంటాయి. అంచెలంచెలుగా తగ్గే దాన్ని మన మనసు పట్టుకోలేదు. కొత్తగా ఏదన్నా కంటపడితే చటుక్కున తల తిప్పుతాం. ఉన్నది లేకుండా పోతే ఎప్పటికో గాని తెలియదు, తెలిసినా ఎప్పటినుంచి లేదో చెప్పలేం. ఈ లోపం పక్షుల విషయంలోనే బయటపడేది కాదు. ఇంటి పెరట్లో పిచ్చుకలు ఏ ఏడు నుంచి రావడం మానేశాయని అడిగి చూడండి. చిన్నప్పుడు ఉండేవని అందరూ అంటారు, సంవత్సరం ఎవరూ చెప్పరు. కోట్లమంది కళ్ళ ముందు జరిగిన సంగతికి తేదీ లేకుండా పోయిందంటే, చూడటం వేరు, గమనించడం వేరు అని ఒప్పుకోవాలి.

ఆ తేదీకి అంత విలువ ఎందుకు? పక్షి బుద్ధి పుట్టినప్పుడు బయలుదేరుతుందని మనం అనుకుంటాం. 1920ల్లో కెనడాలో విలియం రోవన్ అనే శాస్త్రవేత్త జుంకో అనే చిన్న పిట్టలను పంజరాల్లో ఉంచి, గడ్డకట్టే చలికాలంలో విద్యుద్దీపాలతో వాటికి పగటిపొద్దు పెంచాడు. బయట మంచు కురుస్తున్నా వాటి ఒంట్లో వసంతకాలపు మార్పులు మొదలయ్యాయి. అంటే ప్రయాణానికి ఆజ్ఞ చలీ వేడీ ఇచ్చేవి కావు, పగటి నిడివి ఇచ్చేది. అయితే మన అక్షాంశంలో అతి పొడుగు పగటికీ అతి పొట్టి పగటికీ తేడా గంటన్నర మాత్రమే. ఇంత చిన్న తేడాతో పాలారు ఒడ్డున ఉన్న పిట్టకు రష్యాలో మంచు కరుగుతోందని ఎలా తెలుస్తుంది? దీనికి జవాబు 1960ల్లో జర్మనీలో ఎబర్‌హార్డ్ గ్విన్నర్ చేసిన పరిశోధనల్లో దొరికింది. పగలూ రాత్రీ ఎప్పుడూ సమానంగా ఉండేటట్టు గదిలో పెట్టిన వార్బ్లర్ పిట్టలు కూడా, ప్రయాణపు రోజులు రాగానే రాత్రుళ్ళు నిద్రపోకుండా రెక్కలు కొట్టుకున్నాయి. వాటి ఒంట్లోనే ఏడాది పొడుగునా నడిచే గడియారం ఉంది. కాబట్టి ఒక జాతి మన ఊరు వదిలే రోజులు ఏటేటా ఇంచుమించు స్థిరంగా ఉండాలి. ఆ రోజులు ముందుకో వెనక్కో జరిగితే, అందుకు ఏదో కారణం ఉండాలి. చెరువు ముందే ఎండిపోయి ఉండవచ్చు, మేత తగ్గి ఉండవచ్చు, అవతలి దేశంలో రుతువులే మారుతుండవచ్చు. తేదీ చేతిలో లేనివాడికి ఈ ప్రశ్న వేసుకునే అవకాశమే లేదు.

మన దగ్గరినుంచి వెళ్ళేవాటిలో గులాబి గోరింకను ముందు చెప్పాలి. తల, రెక్కలు, తోక నలుపు. వీపూ పొట్టా లేత గులాబి రంగు. మన ఊరి గోరింకంత ఉంటుంది. జొన్న, సజ్జ చేలమీదా, మర్రిపండ్ల మీదా, పూసిన మోదుగల్లోనూ గుంపులుగా వాలుతుంది. కజకిస్తాన్ చుట్టుపక్కల గడ్డిమైదానాల్లో మే, జూన్ నెలల్లో గూడు కట్టి, పిల్లలను లేపి, జులై ముగిసేలోపే మళ్ళీ మన దేశం దారి పడుతుంది. ఏప్రిల్ చివరిదాకా ఇక్కడే ఉంటుంది. లెక్క వేస్తే ఏడాదిలో ఎనిమిది నెలలపైన మన దేశంలోనే గడుపుతుంది. కంపల్లో దాక్కుని తిరిగే బ్లైత్స్ రీడ్ వార్బ్లర్, పాత పుస్తకాలు కంపజిట్ట అన్న పిట్ట, అదీ అంతే. పది పన్నెండు గ్రాముల బరువుతో ఫిన్లాండ్, రష్యా, మధ్య ఆసియా వరకూ పోయి గూడు పెట్టి, పని ముగియగానే వెనక్కి వస్తుంది. ఇలాంటివాటిని విదేశీ అతిథులు అని రాయడం పత్రికలకు అలవాటు. ఏడాదిలో ఎక్కువ భాగం ఉన్న చోటును అతిథిగృహం అనడం నాకు న్యాయంగా తోచదు. అవి బతికేది ఇక్కడ, పిల్లలు పెట్టడానికి వెళ్ళేది అక్కడ. ఈ చూపు మారితే బాధ్యత కూడా మారుతుంది: వాటి బాగోగులు అక్కడి అడవులమీద ఎంత ఆధారపడతాయో మన చెరువులు, కంపలు, మర్రిచెట్ల మీదా అంతే ఆధారపడతాయి.

నెమిలి చుట్టుపక్కల చూడటానికి చెరువులకు కొదవ లేదు. వాలాజాపేట దగ్గర పాలారు మీద కట్టిన ఆనకట్ట నుంచి కాలువలు సాగి కావేరిపాక్కం చెరువునూ మహేంద్రవాడి చెరువునూ నింపుతాయి. మహేంద్రవాడిలో పల్లవ రాజు మహేంద్రవర్మ ఏడో శతాబ్దంలో ఒకే బండను తొలిచి విష్ణువుకు గుడి చేయించాడు. అక్కడి శాసనం మహేంద్ర తటాకాన్ని పేరు పెట్టి చెబుతుంది. ఈ చెరువులన్నీ అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురిసే ఈశాన్య రుతుపవనాల వానలమీదే ఎక్కువగా బతుకుతాయి. వాన బాగా పడిన ఏడు మొరవ పారుతుంది, చలికాలమంతా నీళ్ళు కట్టదాకా ఉంటాయి, బాతులకు అనువు. మార్చి వచ్చేసరికి నీళ్ళు వెనక్కి జరుగుతాయి. అప్పుడు తూముకు ఎదురుగా, పశువులు తొక్కిన అంచున, చేయి పెడితే మణికట్టుదాకా దిగే మెత్తటి బురద బయటపడుతుంది. బురదలో పురుగులుంటాయి. పొడుగు ముక్కుల పక్షులకు ఉత్తరాదికి పోయేముందు ఒంట్లో కొవ్వు పెంచుకోవడానికి ఆ బురదే ఆధారం. ఏప్రిల్లో సూర్యోదయమైన అరగంటకు, ఎండ వీపుమీద పడేటట్టు నిలబడి ఈ అంచును చూడాలి.

అక్కడ పిచ్చుక కన్నా ఏమంత పెద్దది కాని లిటిల్ స్టింట్ కనబడితే అక్కడే ఆగి చూడండి. డిసెంబరులో చూస్తే బూడిద రంగు వీపు, తెల్లని పొట్ట, అంతే. ఏప్రిల్ నెలాఖరుకు వచ్చే కొద్దీ దాని తలా, మెడ పక్కలూ, వీపు ఈకల అంచులూ తుప్పు రంగుకు తిరుగుతాయి. ఈకల మధ్య నలుపు తేలుతుంది, వీపుమీద లేత గీతలు రెండు ఇంగ్లీషు వీ అక్షరంలా కనబడతాయి. నల్లతోక గాడ్విట్ మెడ, రొమ్ము ఇటుక రంగులోకి వస్తాయి. పసిఫిక్ బంగారు ప్లవర్ పొట్టకింద నల్లటి మచ్చలు ఒక్కొక్కటిగా పుట్టి, కలిసిపోతూ వస్తాయి. ఒకే గుంపులో పూర్తిగా రంగు మారినవీ, సగం మారినవీ, ఏమీ మారనివీ పక్కపక్కన మేస్తుంటాయి. ఈ పెళ్ళిబట్టలు ఉత్తరాది గూళ్ళ కోసం వేసుకున్నవి. చలికాలంలో మాత్రమే చెరువుకు వెళ్ళేవాళ్ళకు అవి ఎన్నడూ కనబడవు. ఎండాకాలం పక్షులను చూసే కాలం కాదనే నమ్మకానికి ఈ రంగులకన్నా గట్టి జవాబు నాకు తెలియదు. రంగు ఎంతవరకు వచ్చిందో కూడా పుస్తకంలో ఒక మాట రాయండి. బాగా రంగు తిరిగిన పక్షి ప్రయాణానికి దగ్గరపడిందని ఊహించవచ్చు.

ఇక అసలు చిక్కు. పక్షి వచ్చిన తేదీ రాయడం సులువు: చూశాం, రాశాం. చివరిసారి చూసిన రోజు మాత్రం అది చివరిసారి అని ఆ రోజున ఎవరికీ తెలియదు. ఏప్రిల్ 18న ఒక గోరింకల గుంపును చూశారనుకోండి. ఆ తర్వాత మీరు చెరువుకే పోలేదనుకోండి. మీ పుస్తకంలో 18 చివరి తేదీగా ఉంటుంది, కాని అది పక్షి వెళ్ళిన తేదీ కాదు, మీరు మానేసిన తేదీ. అదే మీరు 20న, 22న, 25న, 29న పోయి, అదే గట్టున అంతే సేపు నిలబడి, గోరింకలు లేవని రాస్తే అప్పుడు 18కి ప్రాణం వస్తుంది. గుంపు 18కీ 20కీ మధ్య కదిలిందని చెప్పగలుగుతారు. అంటే చివరి తేదీని నిజం చేసేది దాని వెనకాల వచ్చిన ఖాళీ రోజులు. ఇళ్ళలో క్యాలెండరు మీద పాల లెక్క రాసే పద్ధతి చూడండి: పాలు పోసిన రోజులకు గుర్తు అక్కరలేదు, పోయని రోజుకే సున్న చుడతారు. నెలాఖరు లెక్క తేల్చేది ఆ సున్నలే.

శాస్త్రజ్ఞులూ ఇదే చోటికి చేరుకున్నారు. 2007 జులైలో బెంగళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రం, ఇండియన్ బర్డ్స్ పత్రిక కలిసి మైగ్రెంట్‌వాచ్ అనే కార్యక్రమం మొదలుపెట్టాయి. మొదట తొమ్మిది జాతుల పక్షులను ఏ ఊళ్ళో ఎప్పుడు తొలిసారి చూశారో తేదీ పంపమని అడిగారు. తర్వాత జాతులు పెరిగాయి, వెళ్ళే తేదీలూ చేరాయి. ఇప్పుడు ఈ పని ఎక్కువగా ఈబర్డ్‌లో జరుగుతోంది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయపు పక్షిశాస్త్ర ప్రయోగశాల 2002లో ప్రారంభించిన ఈ వేదిక జాబితా ఇచ్చిన ప్రతివారినీ ఒక ప్రశ్న అడుగుతుంది: మీరు గుర్తుపట్టగలిగినవన్నీ రాశారా, ఏరి కొన్నే రాశారా? అన్నీ రాశామంటే, రాయనివి ఆ సమయంలో మీకు కనబడలేదని అర్థం. ఆ ఒక్క జవాబుతో మీ మౌనం కూడా సమాచారమవుతుంది. 2023లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదిక సుమారు 30 వేలమంది పక్షి వీక్షకులు ఇచ్చిన 3 కోట్లకు పైగా నమోదుల ఆధారంగా 942 జాతుల స్థితిని అంచనా వేసింది. ఏ జాతి తగ్గిందో చెప్పగలిగిందంటే, ఆ జాతి లేని జాబితాలు కూడా ఎవరో ఓపికగా నింపినందువల్లనే.

ఆచరణ చాలా చిన్నది. ఒక్క చోటు ఎంచుకోండి, అది ఇంటికి దగ్గరగా ఉండాలి. నెమిలివాళ్ళకు చెరువు అంచు చాలు. గుడియాత్తంవాళ్ళకు కౌండిన్య ఏటి ఒడ్డున ఉన్న కంపలు, కొబ్బరితోటలు చాలు. వేలూరులో కోట చుట్టూ ఉన్న అగడ్త గట్టు, ఏదన్నా కళాశాల ఆవరణలోని పెద్ద చింతలు చాలు. మార్చి మొదటి వారం నుంచి మే 20 దాకా, వారానికి మూడుసార్లు, ఉదయం ఆరున్నర నుంచి అరగంట. ఏడున్నర దాటితే మన వైపు ఎండకు పక్షీ మనిషీ ఇద్దరూ నీడ చూసుకుంటారు. ఎప్పుడూ ఒకే సేపు నిలబడండి, లేకపోతే తక్కువ కనబడటం పక్షి వల్లో మీ తొందర వల్లో తేలదు. తేదీ, సమయం, నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయి, మబ్బో ఎండో, ఏ చెట్టు పూసింది, చేలు కోశారా లేదా అన్నవి ముందు రాసి, తర్వాత పక్షుల సంగతి రాయండి. నీళ్ళ మాట తప్పకుండా రాయాలి. నీరు నిండుగా ఉన్న ఏడు బురద అంచు లేక ఉల్లంకి పిట్టలు తగ్గుతాయి. చెరువు ముందే ఎండితే మరో చెరువుకు పోతాయి. ఆ వాక్యం లేకపోతే రెండేళ్ళ తర్వాత మీ పుస్తకం మీకే తప్పు సాక్ష్యం చెబుతుంది.

అన్ని పక్షుల వెంటా పడకండి. అయిదు జాతులు చాలు, అవి వేరువేరు సమయాల్లో వెళ్ళేవి అయితే మంచిది. బాతుల్లో, కంటి మీద తెల్లటి గీత ఉన్న మగ గార్గనీని తీసుకోండి. తీగల మీద వరసగా కూర్చునే, గొంతు ఎర్రగా, తోక చీలికగా ఉండే వానకోవెల రెండోది. దాన్ని పోలినదే, నడుము మీద ఇటుక రంగు పట్టీ ఉన్నది, మన దగ్గరే గూడు కట్టే ఇంకో జాతి, రెండింటినీ కలపకూడదు. మూడోది గులాబి గోరింక. నాలుగోది నీటి అంచున రాళ్ళమీద నిలబడి వెనక భాగాన్ని ఆపకుండా పైకీ కిందికీ ఆడించే సాధారణ ఉల్లంకి. ఇది గుంపులు కట్టదు, ఒక్కటే తిరుగుతుంది, నిన్న ఉన్న మెట్టు మీదే ఇవాళా ఉంటుంది. అందువల్ల అది లేని రోజు స్పష్టంగా తెలుస్తుంది, అగడ్త గట్టున తిరిగేవాళ్ళకు ఇంతకన్నా అనువైనది లేదు. అయిదోది కంపజిట్ట. దాన్ని కంటితో వెతకడం దండగ, చెవితో పట్టాలి. నాలుక అంగిటికి కొట్టినట్టు ‘చక్’ మని విడివిడిగా అంటుంటుంది. బయలుదేరే ముందు రోజుల్లో కొంత పాట కూడా పాడుతుంది. పేరు తెలియని పిట్ట కనబడితే పేరు కోసం ఆగిపోకుండా రంగు, సైజు, ముక్కు, తోక కదలిక రాసిపెట్టండి; పేరు తర్వాత తెలుస్తుంది, ఆ ఉదయం తిరిగి రాదు.

ఈ అయిదింటికి తోడు అదృష్టం మీద వదిలేయాల్సింది ఒకటుంది, పొన్నంకి పిట్ట. తమిళులు ఆరుమణిక్కురువి అంటారు, ఉదయం సాయంత్రం ఆరు గంటల ప్రాంతంలో కూస్తుందని. ఆకుపచ్చ, నీలం, పసుపు, ఎరుపు, నలుపు అన్నీ ఒకే ఒంటిమీద ఉన్న పొట్టి తోక పిట్ట. చలికాలమంతా దక్షిణాదిలోనూ శ్రీలంకలోనూ చెట్లకింద రాలిన ఆకుల్లో మేసి, ఏప్రిల్, మే నెలల్లో మధ్య భారతం, హిమాలయ పాదాల వైపు గూళ్ళు కట్టడానికి పోతుంది. దేశం దాటని వలస కూడా వలసే. రాత్రంతా ఎగిరి అలసి ఇంటి పెరట్లో, బడి వరండాలో దిగిపోతుంది. కనబడితే పట్టుకోవద్దు. పిల్లినీ కుక్కనూ దూరంగా పెట్టి, నీడ చూపి వదిలేస్తే సాయంత్రానికి దాని దారిన అది పోతుంది.

మా ఊరి చెరువులో ఏముంది, చూడాలంటే వేడంతాంగల్‌కో నేలపట్టుకో పోవాలి అనేవాళ్ళున్నారు. ఆ రెండూ గొప్ప చోట్లే. వేడంతాంగల్‌లో పక్షులను కాపాడుకునే హక్కు కోసం ఆ ఊరివాళ్ళు అడిగితే 1798లోనే చెంగల్పట్టు కలెక్టరు లయొనెల్ ప్లేస్ పత్రం రాసిచ్చాడు. అయితే అక్కడ మనల్ని ఆకట్టుకునే పెద్ద పక్షులు, గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, తెడ్డుమూతి కొంగలు, గూళ్ళు కట్టేది మన చెట్లమీదే. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో వాటిని సైబీరియా పక్షులంటూ ఏటా రాస్తారు. ఊరివాళ్ళు వాటిని ఆడపడుచుల్లా చూసుకోవడం ఎంతో గౌరవించాల్సిన సంగతి, కాని అవి దక్షిణాసియాలోనే తిరుగాడే పక్షులు. పిల్లలు ఎగిరాక నీళ్ళున్న వేరే చెరువులకు చెదిరిపోతాయి. నిజంగా ఉత్తర ఖండాలకు పోయే పక్షి మీ ఊరి బురద గట్టున, ఎవరూ ఫొటో తీయని పిచ్చుకంత పిట్ట కావచ్చు. పేరున్న చోటికి ఏడాదికి ఒకసారి పోయి తెచ్చుకునే ఆనందం మంచిదే. వెళ్ళే తేదీ మాత్రం రోజూ నడిచే దారిలోనే దొరుకుతుంది.

ఇంకొకరి అభ్యంతరం దీనికన్నా బలమైనది: కనబడలేదంటే లేదని ఎలా అంటారు? ఆకుల్లో దాగి ఉండవచ్చు, కూయడం మానేసి ఉండవచ్చు, మీ కన్నే మొద్దుబారి ఉండవచ్చు. నిజమే. ఒక్క ఉదయం కనబడకపోవడం ఏదీ రుజువు చేయదు. ఒకే చోట, ఒకే సమయంలో, అంతకుముందు పది ఉదయాల్లో తొమ్మిదిసార్లు కనబడింది, ఆ తర్వాత వరసగా ఆరు ఉదయాలు కనబడలేదంటే మాత్రం, ఉండి కూడా తప్పిపోయే అవకాశం బాగా సన్నగిల్లుతుంది. చెరువు నీటిమీద బాతు విషయంలో ఈ నమ్మకం త్వరగా వస్తుంది, కంపలో దాగే పిట్ట విషయంలో ఆలస్యంగా వస్తుంది. కాబట్టి అభ్యంతరం మన పద్ధతిని కూలదోయదు, ఎన్ని ఖాళీ ఉదయాలు కావాలో చెబుతుంది. పక్కూరి మిత్రుడు కూడా రాస్తుంటే ఇద్దరి పుస్తకాలూ పోల్చుకోవచ్చు. ఇద్దరికీ ఒకే వారం మాయమైతే అది కళ్ళ తప్పు కాదు.

ఒక మనిషి నోటుపుస్తకం ఎందుకు పనికొస్తుందని అడిగేవాళ్ళకు ఇంగ్లండులోని మార్షమ్ కుటుంబాన్ని చూపించాలి. నార్ఫోక్‌లో రాబర్ట్ మార్షమ్ అనే భూస్వామి 1736లో తన ఎస్టేటులో వసంత సూచనలు రాయడం మొదలుపెట్టాడు: ఏ చెట్టు ఎప్పుడు చిగురించింది, వానకోవెల ఎప్పుడు వచ్చింది, కప్ప ఎప్పుడు అరిచింది. అతని తర్వాత వారసులు 1958 దాకా కొనసాగించారు. రుతువులు ఎలా జరుగుతున్నాయో తెలుసుకోవడానికి ఈనాటి శాస్త్రజ్ఞులు ఆ కుటుంబపు పుస్తకాలను తిరగేస్తున్నారు. మార్షమ్ రాయడం మొదలుపెట్టినప్పుడు భూతాపం అన్న ఆలోచన ఎవరికీ లేదు. తేదీ తప్పితే ఏమవుతుందో నెదర్లాండ్స్‌లో కనబడింది. ఆఫ్రికాలో చలికాలం గడిపే పైడ్ ఫ్లైక్యాచర్ అనే పిట్ట పాత వేళకే తిరిగి వస్తుంటే, అక్కడ వేడి పెరిగి గొంగళిపురుగులు ముందే పుట్టి ముందే ముగిసిపోయాయి. పురుగుల కాలం బాగా ముందుకు జరిగిన అడవుల్లో రెండు దశాబ్దాల్లో ఆ పిట్టలు సుమారు 90 శాతం తగ్గాయని 2006లో పరిశోధకులు ప్రకటించారు. ఇలాంటి పక్షులు ఇటువైపు నుంచి ఎప్పుడు బయలుదేరుతున్నాయో చెప్పే పుస్తకాలు మన జిల్లాల్లోనూ ఉండాలి, వాటిని మన కోసం అక్కడివాళ్ళు రాయలేరు.

పొలం పనులు, మగ్గం పనులు చేసుకునేవాడికి ఈ గొడవ ఎందుకనేవాళ్ళకూ సమాధానం ఉంది. గులాబి గోరింకలు గూళ్ళు కట్టే దేశాల్లో మిడతలను తిని బతుకుతాయి. చైనాలోని షిన్‌జియాంగ్‌లో మిడతలను అదుపు చేయడానికి ప్రభుత్వమే రాళ్ళగుట్టలు పేర్చి, గూళ్ళకు చోటిచ్చి ఈ పక్షులను పిలుచుకుంటోంది. జొన్న గింజలు తినే నష్టం మనకు తెలుసు, దాన్ని తక్కువ చేయనక్కరలేదు. అదే పక్షి చేలల్లో పురుగులను కూడా తింటుంది. ఏ నెలలో ఎన్ని ఉంటాయో, ఎప్పుడు పోతాయో తెలిసిన రైతుకు కాపలా ఎప్పుడు పెట్టాలో, ఎప్పుడు అవసరం లేదో తెలుస్తుంది. ఇది లాభం మాట. లాభంతో పనిలేని ఇంకో సంగతి ఉంది, అది మనిషి వ్యక్తిత్వానికి సంబంధించినది. మనం పెట్టుకునే అలవాట్లు చాలావరకు ఫలితం కనబడినన్నాళ్ళే నిలుస్తాయి. బరువు తగ్గుతున్నప్పుడే నడుస్తాం, పక్షి కనబడుతున్నప్పుడే చెరువుకు పోతాం. ఇక్కడ ఏమీ కనబడని ఉదయమే పుస్తకానికి ఎక్కువ విలువ తెస్తుంది. ఆ ఉదయం లేచి, ఎండెక్కకముందే గట్టుకు పోయి, ‘లేదు’ అని నిజాయితీగా రాసి రాగలిగిన మనిషికి మెప్పు మీద, ఉత్సాహం మీద ఆధారపడని ఓపిక అలవడుతుంది. ‘ఉందేమో’ అని రాయాలన్న ఆశను అణచుకోవడం కూడా అక్కడే నేర్చుకుంటాడు. ఈ శిక్షణ ఇంత చవకగా వేరేచోట దొరుకుతుందని నేననుకోను: దుర్భిణీ ఉంటే మేలు, లేకున్నా ఉల్లంకి తోక ఆడటం కంటికే కనబడుతుంది.

పిల్లలకు నేర్పేటప్పుడు ఇదే పద్ధతి ఇంకా బాగా పనిచేస్తుంది. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ బడి తన లోయనే పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించుకుని, పక్షులను గమనించడాన్ని చదువులో భాగం చేసుకుంది. అంత వసతి లేని ఊరి బళ్ళో ఒక గోడమీద పెద్ద కాగితం అంటించి, అయిదు పక్షుల పేర్లు నిలువుగా, తేదీలు అడ్డంగా రాస్తే సరిపోతుంది. చూసిన పిల్లవాడు గుర్తు పెడతాడు, వెతికినా చూడలేకపోయినవాడు సున్న చుడతాడు, వెతకనివాడు ఖాళీగా వదులుతాడు. సున్నకూ ఖాళీకీ ఉన్న తేడాను పదేళ్ళవాళ్ళు చాలా తొందరగా పట్టుకుంటారు. ఏప్రిల్ నెలాఖరుకు సెలవులొస్తాయి కాబట్టి మే తేదీలు ఇళ్ళలోనే రాయించాలి.

మే 20 తర్వాత పుస్తకం మూసేయకండి. చివరి పేజీలో ప్రతి పక్షికీ మూడు సంగతులు ఎత్తి రాయండి: ఎక్కువ సంఖ్యలో కనబడిన రోజు, చివరిసారి కనబడిన రోజు, ఆ తర్వాత మీరు వెతికినా కనబడని మొదటి ఆరు రోజులు. ఈబర్డ్‌లో జాబితాలు వేయకపోయుంటే అప్పుడు కూర్చుని పాత తేదీలతో వేయవచ్చు, అది అనుమతిస్తుంది. జూన్ నెల మన ఊరి పక్షుల గూళ్ళు చూసుకోవడానికి వదిలేయండి, దూరం నుంచి. జులై నాలుగో వారానికల్లా మళ్ళీ అదే గట్టుకు, అదే సమయానికి పోవడం మొదలుపెట్టాలి. ఉత్తరాదినుంచి అందరికన్నా ముందు తిరిగొచ్చేవాటిలో ఉల్లంకి పిట్టా గులాబి గోరింకా ఉంటాయి. ఆగస్టు మొదటివారం దాకా ఆగి పోతే, అవి అప్పటికే వచ్చి ఉంటే, వచ్చిన తేదీకి ముందు ఉండాల్సిన ఖాళీ రోజులు మీ దగ్గర ఉండవు.